మీ వెనక దిగొచ్చా

రాయిస్ టోలెఫ్‌సన్ కాలు ఒక చోట నిలవదు. పుట్టుకే అంత. వాళ్ళమ్మకి నొప్పులు మొదలై ఆసుపత్రికి బయల్దేరితే, అక్కడిదాకా ఆగలేక దారిలో పికప్ బండిలోనే పుట్టేశాడు. ఆ ముచ్చట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్దయ్యాక దుంగల లారీ తోలే పనిలో చేరాడు. అడవి నుంచి మిల్లుకి ఎన్ని ట్రిప్పులు కొడితే అంత కూలి. అసలే ఉన్న తొందరకి ఆ పని ఇంకాస్త ఎగదోసింది. కాఫీ పూర్తిగా దిగకముందే గిన్నె లాగేసి గట్టంతా మరకలు చేస్తాడు. చర్చిలో పాస్టర్ చివరి ప్రార్థనలో ఉండగానే కోటు తొడుక్కుంటాడు. అతనితో సినిమాకి వెళ్ళడం భార్య జోనెల్ ఎప్పుడో మానేసింది.

ఇలాంటి మనిషికి దేవుడు స్టీల్‌హెడ్ చేపల పిచ్చి పట్టించాడు. దేవుడికి వెటకారం కాస్త ఎక్కువేననుకోవాలి.

స్టీల్‌హెడ్ ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ బలిసి, చలికాలం వానలకి మళ్ళీ ఏరెక్కి వస్తుంది. ఏట్లోకి వచ్చాక దానికి తిండి మీద ధ్యాస ఉండదు. బుద్ధి పుడితే ఈకలు కట్టిన గాలాన్ని కొరుకుతుంది, లేకపోతే లేదు. సాల్టర్ ఏటి మీద చలికాలమంతా నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒక్క చేప మొహం చూడనివాళ్ళు కూడా, మళ్ళీ ఏడు అదే చోట అదే నీళ్ళలో నిలబడతారు. గాలాన్ని అడ్డంగా అవతలి ఒడ్డు వైపు విసరాలి. ప్రవాహం దాన్ని మెల్లగా ఈవలికి తోసుకొస్తుంది. ఆ వచ్చేటప్పుడు చెయ్యి కదలకూడదు. తాడు తిన్నగా దిగువకి వేలాడేదాకా ఆగాలి, వేలాడాక ఇంకాస్త ఆగాలి. అప్పుడు దిగువకి రెండడుగులు వేసి, మళ్ళీ విసరాలి. రోజంతా చేయవలసింది ఇంతే. రాయిస్‌కి చేతకానిది కూడా ఇంతే.

ఆ ఏటి మీద అందరికీ ఇష్టమైన చోటు దుంగ రేవు. ఒడ్డున గులకరాళ్ళ మీద ఏనాటి వరదకో కొట్టుకొచ్చిన సెడార్ దుంగ పడి ఉంటుంది. అక్కడ చేపలు పట్టేవాళ్ళు ఒకరి వెనక ఒకరు, ఏటి వాలు వెంబడి వరసగా దిగుతారు. వచ్చినవాడు ఎవడైనా సరే ఎగువన, వరస చివర చేరాలి. చేరేముందు, తనకి ముందున్న మనిషిని అడగాలి: "మీ వెనక దిగొచ్చా?" రమ్మంటే దిగాలి. చేప చిక్కినవాళ్ళకి మిగతావాళ్ళు తాడు చుట్టేసుకుని దారివ్వాలి. పట్టిన చేపని పైకెత్తకుండా నీళ్ళలోనే వదిలెయ్యాలి. వదిలాక ఆ మనిషి ఒడ్డెక్కి, మళ్ళీ వరస చివరకి పోవాలి. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు కానీ, ఈ మర్యాద తప్పినవాణ్ణి ఊరు అంత తేలిగ్గా మరిచిపోదు.

రాయిస్ తప్పాడు. పోయిన చలికాలం సంగతి ఇది.

వెర్నా మకాలిస్టర్ ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపి మానుకున్న మనిషి. రాయిస్‌ని చిన్నప్పుడు బస్సులో సీటు మీద కుదురుగా కూర్చోబెట్టలేక విసిగిపోయింది కూడా ఆవిడే. ఆ రోజు ఆవిడ గాలాన్ని ఒక పెద్ద చేప కొట్టి వదిలేసింది. కొట్టి వదిలిన చేపని వెంటనే మళ్ళీ కదపకూడదు. కాసేపు తేరుకోనివ్వాలి. అందుకని ఆవిడ ఒడ్డెక్కి, దుంగ మీద కూర్చుని, గాలం మార్చుకుంటోంది. రాయిస్ వచ్చాడు. దుంగ మీద మనిషి, ఎదురుగా ఖాళీ నీళ్ళు. అడగలేదు. సరిగ్గా ఆవిడకి ఎదురుగానే దిగి, గాలం విసిరాడు. ఆవిడ తేరుకోనిచ్చిన చేప అతని గాలాన్ని పట్టుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. చేపని నీళ్ళలోంచి ఎత్తకూడదని తెలిసీ, రెండు చేతులా పైకెత్తి ఆవిడకి చూపించాడు. "చూశారా, మొదటి విసురుకే" అన్నాడు. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

ఆమె పని అయిపోయిందనుకున్నానని ఆ రాత్రి జోనెల్‌తో చెప్పాడు. జోనెల్ గిన్నెలు తుడుస్తూ, "అనుకున్నావా, అనుకోవాలనుకున్నావా?" అని అడిగింది. 

వెర్నా ఎవరితోనూ చెప్పలేదు. కానీ అవతలి ఒడ్డు నుంచి ఎల్డన్ పికెట్ చూశాడు. ఎల్డన్ చూశాడంటే ఊరు చూసినట్టే. ఎవరూ రాయిస్‌ని తిట్టలేదు, కొట్టలేదు. కిరాణా కొట్లో పలకరింపులు మామూలే. ఏటి దగ్గర మాత్రం అతను "మీ వెనక దిగొచ్చా?" అంటే, "దిగవయ్యా, మాది అయిపోవచ్చింది" అని తాడు చుట్టేసుకుని ఒడ్డెక్కేవాళ్ళు. నలుగురున్న వరస అయినా సరే, అతను దిగేసరికి ఖాళీ. ఏడాదిగా ఇదే వరస.

మొదట్లో, పోతేపోయారు, ఏరంతా నాదే అనుకున్నాడు. తరవాత తెలిసొచ్చింది. ముందు ఆపే మనిషి లేకపోయేసరికి రేవంతా అరగంటలో ఉరికేసి, మళ్ళీ పైకి పోయి, మళ్ళీ ఉరికేవాడు. చేపలు పడ్డాయి కూడా. పడ్డప్పుడు తల తిప్పి చూస్తే ఒడ్డు మీద ఎవరూ ఉండరు. ఇంటికొచ్చాక నిద్ర పట్టదు, తిన్నది ఒంటబట్టదు. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వాకిలికీ తిరుగుతుంటే, "వెళ్ళి ఆవిడకి ఒక్క మాట చెప్పరాదా?" అనేది జోనెల్. వెళ్ళాడు. రెండుసార్లు వెర్నా ఇంటి ముందు బండి ఆపి, ఇంజను కూడా ఆపకుండా తిరిగొచ్చేశాడు. గుమ్మంలో నిలబడి తలుపు తెరిచేదాకా ఆగాలంటే అతనికి ప్రాణం పోయినంత పని.

ఈ ఫిబ్రవరిలో వానలు వారంపాటు కురిసి ఆగాయి. ఏరు గోధుమరంగు పోయి ఆకుపచ్చకి తిరిగింది. చేపలు తక్కువొచ్చాయని, ఆ ఆదివారంతో ఏట్లో చేపలు పట్టడం ఆపేస్తారని కబురొచ్చింది. ఈ ఆదివారం కూడా తనని చూసి వరస ఖాళీ చేస్తే, ఆ ముద్ర ఇంకో ఏడు మోయాలి. రాయిస్‌ని తినేస్తున్నది అదే. పొద్దున్నే వెళ్ళేసరికి రోడ్డు మీద వెర్నా పాత ఎర్ర సుబారు కారు ఉంది. వెనక్కి తిప్పుదామని గేరు వేశాడు కూడా. ఎందుకో తిప్పలేకపోయాడు.

ఆవిడ ఒక్కతే నడుము లోతులో ఉంది. రాయిస్ ఎగువన గులకరాళ్ళ మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వెర్నా గారూ, మీ వెనక దిగొచ్చా?"

ఆవిడ తిరిగి చూడలేదు. తాడు ఇంకా ప్రవాహంలో ఉంది. అది దిగువకి వేలాడేదాకా ఆగింది. ఆ కాసేపట్లో రాయిస్ టోపీ తీసి పెట్టి, పెట్టి తీశాడు.

"ఏరు మా నాన్నదేం కాదుగా" అంది చివరికి.

దిగమన్నట్టా, దిగొద్దన్నట్టా? తాడు మాత్రం చుట్టుకోలేదు. అదే చాలనుకుని దిగాడు.

అక్కణ్ణుంచి అతని అవస్థ చెప్పనలవి కాదు. అందరూ ఒక్కో చోట ఒక్కసారి విసిరితే వెర్నా రెండుసార్లు విసురుతుంది. రెండడుగులు వెయ్యాల్సిన చోట ఒకటి వేసి, కాలి కింద రాయి కుదురుగా ఉందో లేదో కాలితో తడిమి చూసుకుంటుంది. రాయిస్ ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒకసారి చూసుకోకుండా మరీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ భుజం బిగుసుకోవడం కనిపించింది. చప్పున ఎగువకి ఒక అడుగు వెనక్కి వేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను వెనకడుగు వెయ్యడం అదే మొదలు.

రేవు సగం దిగాక వెర్నా చేతిలో గాలం కర్ర ఒక్కసారి వంగి, లేచింది. ఆవిడ తాడు చుట్టుకుని, మెల్లగా ఒడ్డెక్కి, వెళ్ళి ఆ దుంగ మీదే కూర్చుంది.

రాయిస్ ముందు ఖాళీ నీళ్ళు. దుంగ మీద మనిషి. పోయినేడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. చేప కొట్టి కర్ర వంగడం అతను కళ్ళారా చూశాడు. కానీ పట్టు తప్పి విసిగిపోయి లేచిందేమో, చలి తట్టుకోలేక ఇంటికి పోదామనుకుందేమో. అదీ కాకపోతే, వీడేం చేస్తాడో చూద్దామని కూర్చుందేమో. కాళ్ళు వాటంతటవే దిగువకి లాగుతున్నాయి. ఇంకో రెండడుగులు, ఒక్క విసురు. చేప అక్కడే ఉంది.

అతను తాడు చుట్టేసి, కొక్కేన్ని కర్రకి తగిలించాడు. తగిలించకపోతే తన చేతుల మీద తనకే నమ్మకం లేదు.

"మీ పని అయిపోయిందా, చేపని తేరుకోనిస్తున్నారా?" అని అడిగాడు.

వెర్నా తల పైకెత్తింది. "తేరుకోనిస్తున్నా."

"సరే."

అతను నీళ్ళలో అలాగే ఉండిపోయాడు. ఆవిడ డబ్బా తెరిచింది. ఒక గాలం తీసి, వెలుగులో చూసి, వద్దనుకుని, ఇంకొకటి తీసింది. ముడి వేసింది. నచ్చక కత్తిరించి మళ్ళీ వేసింది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది. శాండ్‌విచ్ పొట్లం విప్పింది. రాయిస్ అరికాళ్ళు మొద్దుబారాయి, ముక్కు కారింది. శాండ్‌విచ్‌ని అంత నమిలి తినే మనిషిని అతను లోకంలో చూడలేదు. ఆ దుంగ మీద కూర్చుని ఆవిడ తన చిన్నప్పటి బస్సు బాకీ కూడా ఇవాళే తీర్చుకుంటోందని అతనికి గట్టి అనుమానం. కోపమొచ్చింది. ఆ వెంటనే, పోయినేడు ఈవిడ ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయినప్పటి మొహం గుర్తొచ్చింది. కోపం చచ్చి సిగ్గొచ్చింది. ఆ సిగ్గుతోనే కదలకుండా నిలబడ్డాడు.

చివరికి ఆవిడ లేచి, పొట్లం కాగితం జేబులో కుక్కుకుని, పాత చోటే దిగింది. విసిరింది. గాలం సగం దూరం వచ్చిందో లేదో రీలు కీచుమంది.

చేప దిగువకి దూసుకుపోయి, గాల్లోకి లేచి, మళ్ళీ పడింది. రాయిస్ ఒడ్డెక్కి నిలబడ్డాడు. చాలాసేపటికి చేప అలిసి ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలోకి వచ్చింది. వెర్నా మోకాళ్ళు వంగడం లేదు.

"చూస్తూ నిలబడ్డావేం? తోక పట్టుకో" అంది.

రాయిస్ నీళ్ళలో మోకాళ్ళ మీద కూలబడి, ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టాడు. చెయ్యంత పొడుగు ఆడ చేప, వెండి రేకులా మెరుస్తోంది. పైకెత్తలేదు. మొప్పలు నీళ్ళలోనే ఉండేలా పట్టుకుని కొక్కెం తీసి, తల ప్రవాహం వైపు తిప్పి అలాగే ఉంచాడు. తోకలోకి బలం వచ్చేదాకా వదలకూడదు. ఈసారి ఆగడం కష్టమనిపించలేదు. చేప ఒక్క విదిలింపు విదిలించి అతని మొహం మీద నీళ్ళు చల్లి వెళ్ళిపోయింది.

"పోయినేడు..." అని మొదలుపెట్టాడు.

"తెలుసులే" అంది వెర్నా. కర్ర భుజాన వేసుకుని, పద్ధతి ప్రకారం గులకరాళ్ళ మీద ఎగువకి నడిచింది.

ఇప్పుడు వరసలో మొదటివాడు రాయిస్. ముందు ఎవరూ తాకని నీళ్ళు. ఆవిడ అటునుంచి అటే బండెక్కి వెళ్ళిపోతుందేమోనని అతను తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు. దిగి, గాలం విసిరాడు. అది వస్తుంటే వెనక గులకరాళ్ళ చప్పుడు ఆగింది.

"రాయిస్, నీ వెనక దిగొచ్చా?"

ఏడాదిగా ఆ మాట అతణ్ణి ఎవరూ అడగలేదు. తలూపాడు. నీళ్ళలో ఆవిడ దిగిన చప్పుడు వినబడింది. తాడు తిన్నగా దిగువకి వేలాడింది. అతను అడుగు వెయ్యలేదు. ఇంకాసేపు వేలాడనిచ్చాడు. మళ్ళీ అదే చోట విసిరాడు. వేలాడింది. అప్పుడూ కదల్లేదు.

"ఏమయ్యా," అంది వెనకనుంచి వెర్నా, "ఆ అడుగేదో కాస్త వెయ్యి. చలికి ఇక్కడే బిగుసుకుపోయేలా ఉన్నాను."