సొంత లారీ మీద అత్త సాక్ష్యం

ఇయ్యాల మా అత్తను చూసి మస్తు మురిసిన. మొన్న రైలు గేటు కాడ మా ఆయన బియ్యం లారీని ప్యాసింజర్ బండి గుద్దింది, శానమందికి దెబ్బలు తగిలినయ్. గేటు తెరిచే ఉండెనని మా డ్రైవర్ అన్నడు. పాపం గేట్‌మన్ నౌకరి పోయేటట్టయింది.

విచారణకు ఢిల్లీ సర్కారు ఆఫీసర్ వచ్చిండు. ఆయన రైల్వే వాళ్ల కింద పనిచేసేటోడు కాదట. చూసినోళ్లు ఎవరైనా రైలు స్టేషన్‌కొచ్చి చెప్పొచ్చని పేపర్ల వేయించిండు. పరాయోళ్ల ముంగట నోరు తెరవని అత్త, పొద్దున్నే చెప్పులేసుకొని బయలెల్లింది; మేమిద్దరం గూడ ఎంబడి పోయినం. బండి గుద్దిననాడు లాడ్ బజార్ నుంచి వస్తుంటే ఆమె రిక్షా ఆ గేటు కాడనే ఆగి ఉండెనట.

"గేటు ఏసే ఉండె సార్. లారీనే దాన్ని ఇరగ్గొట్టి పట్టాల మీదికొచ్చింది."

"లారీ ఎవరిదమ్మా?"

"మాదే."

మా ఆయన తల దించుకున్నడు. ఆఫీసర్ లేచి అత్తకు కుర్సీ వేసిండు. చెప్పున్రి, మీ ఇండ్లల్ల ఎవరన్న గిట్ల చెప్తుండెనా?

ఇంటికొస్తుంటే మళ్ల అదే గేటు పడ్డది. మా ఆయన సైకిల్ వంచి కిందికెళ్లి దూరబోయిండు. అత్త రిక్షాల నుంచే అన్నది:

"ఆగు బిడ్డా, నీ మీద గూడ సాక్ష్యం చెప్పమంటవా?"