బ్లెస్సీ పెన్ను మీద చేసిన ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ల కిందట ఇదే మైకు పట్టుకుని నేను మీ ముందు చెప్పిన సాక్ష్యం పచ్చి అబద్ధం! కొత్తగా వచ్చినవారు కంగారుపడకండి, పాతవారికి ఈ సంగతి తెలుసు, మా అమ్మ చేసిన సున్నుండలు తిన్నవారికి మరీ బాగా తెలుసు.

నా పేరు దీవెన. నాన్నగారు ఈ గల్ఫ్ దేశంలోనే, డేరా అనే పేటలో బట్టలు కుడతారు. నేను నరసాపురంలో తెలుగు మీడియంలో ఇంటర్ చదివి 2004లో ఇక్కడికి వచ్చాను, యూనివర్సిటీలో నేరుగా సీటు రాలేదు కాబట్టి రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరాను, అక్కడ మంచి మార్కులు తెచ్చుకుంటే యూనివర్సిటీ మూడో ఏడాదిలోకి తీసుకుంటారు. తెచ్చుకుంటే కదా! లెక్చరర్ల ఇంగ్లీషు చెవిదాకా వచ్చేది గాని బుర్రలోకి పోయేది కాదు, అడగడానికి సిగ్గు, అర్థమైనట్టు తలాడించడం అలవాటైపోయి, చివరికి క్లాసులు మానేసి క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ కూర్చునేదాన్ని. మొదటి సెమిస్టరులో ఐదు సబ్జెక్టులకు నాలుగు పోయాయి. ఇంకోసారి ఇలాగైతే కాలేజీ నుంచి పంపించేస్తామని ఉత్తరం కూడా ఇచ్చారు. ఆ ఉత్తరం పట్టుకుని ఎంత ఏడ్చానో! ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఆ శుక్రవారం ఆరాధనలో పాస్టరుగారు కృతజ్ఞతలు చెప్పేవారు ఎవరైనా ఉన్నారా అనగానే అమ్మ మోచేత్తో పొడిచింది. "లేవే, రిజల్ట్స్ వచ్చేశాయన్నావుగా, చెప్పు!" లేచాను. దేవుని కృపవలన అన్నీ పాసయ్యానన్నాను. మీరందరూ హల్లెలూయ అని చప్పట్లు కొట్టారు, మరుసటి శుక్రవారం అమ్మ సంఘమంతటికీ సున్నుండలు పంచింది.

అక్కడితో ఖలాస్ అనుకున్నాను. దేవుడు ఊరుకుంటాడా! పదో తరగతి పరీక్షల ముందు పిల్లల హాల్ టికెట్లు, పెన్నులు బల్లమీద పెట్టి ప్రార్థన చేయడం మన సంఘంలో అలవాటు కదా. మన బ్లెస్సీ తన నీలం పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, నా పెన్నుకి నువ్వే ప్రార్థన చెయ్యవా, నీ ప్రార్థన దేవుడు విన్నాడు కదా" అంది. పాస్టరుగారు మైకు నా నోటి దగ్గర పెట్టారు. కళ్లు మూసుకున్నాను. నోట వచ్చిన మాటలు ఇవి: "ప్రభువా, ఈ పిల్లని నాలా కానివ్వకు, నేను నాలుగు ఫెయిలయ్యాను, నీ పేరు చెప్పి నీ బిడ్డలకి అబద్ధం చెప్పాను, నన్ను క్షమించు!" మన తర్వాత ఆరాధన కోసం తలుపు దగ్గర నిలబడిన మలయాళీ సహోదరులు కూడా నా ఏడుపు విన్నారు.

అమ్మ ముఖం చూడలేకపోయాను. అమ్మే వచ్చి నా పక్కన మోకరించి, "ఓసి నీ దుంప తెగ, సున్నుండలు అరిగిపోయాక చెబుతావేంటే!" అని నన్ను కావలించుకుంది.

ఆ రోజే నా గుండె బరువు దిగిపోయింది. స్కూల్లో లెక్కలు చెప్పే మేరీ ఆంటీ ప్రతి శుక్రవారం ఆరాధన అయ్యాక, ఈ హాలు వెనక కుర్చీలు పేర్చే గదిలో నన్ను కూర్చోబెట్టుకుని, "అర్థంకాకపోతే తలాడించకమ్మా, చెయ్యెత్తు" అని ఓపికగా చెప్పారు. కాలేజీలో మొదటిసారి చెయ్యెత్తినప్పుడు లెక్చరరు నన్ను చూసేదాకా దించలేదు. పోయిన నాలుగు సబ్జెక్టులూ మళ్లీ చదివి పాసయ్యాను. రెండేళ్ల చదువు మూడేళ్లయింది, అయితేనేం!

ఈ ఏడాది యూనివర్సిటీ దరఖాస్తులో మొదటి సెమిస్టరు ఎందుకు పోయిందో రాయమన్నారు. "జబ్బు చేసిందని రాసెయ్, యల్లా, త్వరగా కానియ్!" అంది నా స్నేహితురాలు. రాయబోయాను కూడా, మీ దగ్గర ఇంకా దాచడమెందుకు! అప్పుడు బ్లెస్సీ దగ్గరికి వెళ్లాను. ఆ నీలం పెన్నే నా చేతికిచ్చి, ఈసారి తనే ప్రార్థన చేసింది: "యేసయ్యా, అక్క నిజమే రాసేలాగ చెయ్యి." నిజమే రాశాను. ఇంటర్వ్యూ చేసిన మేడం అది చదివి, ఇప్పుడైనా క్లాసులో చెయ్యెత్తుతున్నావా అని అడిగారు. అక్కడే చెయ్యెత్తి చూపించాను! నవ్వేశారు.

సీటు వచ్చింది, సహోదరులారా, దేవునికే మహిమ! అమ్మ నా మాట నమ్మలేదు, యూనివర్సిటీ ఉత్తరంలో ప్రతి అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాకే మినపప్పు వేయించింది. ఇదిగో నా మార్కుల షీటు, మొదటి సెమిస్టరు ఫెయిళ్లు అలాగే ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవారికి పంపండి. సున్నుండలు ఆ తర్వాతే, నెయ్యి చేతులతో ముట్టుకోవద్దు!

మీలో ఎవరైనా ఇలాంటి కాగితం దాచుకుని ఉంటే భయపడకండి. కాలేజీ నన్ను పంపించేస్తానంది, నా దేవుడు పంపించెయ్యలేదు, మిమ్మల్నీ పంపించెయ్యడు. ఆయన్ని నమ్ముకునేవారు ఊరికే తలాడించకండి, చెయ్యెత్తండి.