కర్త తెలియదు

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటల అబద్ధం. రెండు మాటలు అంత బరువా అని మీరు అడగవచ్చు. నన్ను నేను కూడా అడిగి చూసుకున్నాను. బరువే.

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇన్నేళ్లు ఆగేది కాదు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మిద్దె మీద చిన్న గది ఉండేది. పాటలు రాసేవాళ్ల సంఘానికి అది శాఖ. పెద్దాఫీసు మద్రాసులో. నాటకాల్లో, గ్రామఫోను రికార్డుల్లో ఎవరి పాట వాడుకున్నా రాసినవాళ్లకు రావలసిన డబ్బు రాబట్టడం, అడగకుండా వాళ్ల మాటలు మార్చకుండా చూడడం సంఘం పని అని గోడ మీది బోర్డు చెప్పేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ గుమాస్తాగా చేరాను.

సంఘానికి పెద్ద కవులంటేనే గురి. వాళ్ల ఉత్తరాలకు ఆ పూటే జవాబు పోయేది. చెక్కభజనకు పాట కట్టేవాడో, వీధి నాటకానికి రాసేవాడో మెట్లెక్కి వస్తే, అచ్చయిన పుస్తకం ఉందా అని అడగమని నాకు చెప్పారు. పుస్తకం లేనివాడి పాట కాగితాల్లో 'కర్త తెలియదు' అయ్యేది. అలాంటి పాటల మీద వచ్చింది పెద్దలే పంచుకునేవారు. ఇదంతా చెప్పి తప్పును సంఘం మీదికి తోస్తున్నానా? చాలా ఏళ్లు అలాగే తోశాను. ఈ రోజు తోయను. ఎందుకంటే దరఖాస్తు అడుగున ఒక గడి ఉండేది. పుస్తకం లేకపోయినా, ఈ పాట ఫలానావాడిదేనని శాఖ గుమాస్తాకు నమ్మకం కుదిరితే అక్కడ సంతకం పెట్టవచ్చు. ఆ సంతకం నాది.

చిన్న ఓబన్న ఒక మధ్యాహ్నం వచ్చాడు. పులివెందుల దగ్గర పల్లె. గొర్రెలు మేపేవాడు. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి వచ్చి, కుర్చీ చూపినా కూర్చోలేదు. జాతరలో అతను పాడిన పాటను ఒక హార్మోనియం ఆయన విని నాటకంలో పెట్టాడు. నాటకం బాగా ఆడింది. ఇప్పుడు ఆ పాట రికార్డుగా రాబోతోందని ఎవరో చెప్పారట. అది నిజమే. ఆ పాట ఎవరిదని అడుగుతూ మద్రాసు నుంచి వచ్చిన కాగితం అప్పటికే నా బల్ల మీద ఉంది.

పాట ఎలా పుట్టిందో అతనే చెప్పాడు. భార్య సుంకమ్మకు జబ్బు చేస్తే బండిలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. నాలుగో రోజు ఆమెకు ఏటి నీళ్లు తాగాలనిపించింది. ఎండాకాలం, పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. అతను పరుగెత్తి ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, చెంబు నింపుకుని వచ్చేసరికి ఆమె లేదు. ఆ గదిలోనే, నిలబడే, పాడి వినిపించాడు.

చెలమ తవ్వితే నీళ్లూరె సుంకమ్మా
నిన్ను తలిస్తే కండ్లూరె సుంకమ్మా

ఇంకా నాలుగు చరణాలు. ప్రతి పాదం చివరా ఆ పేరే.

"దుడ్లు ఇచ్చినా ఇయ్యకపోయినా సరే సామీ. దాని పేరు మాత్రం తీసేయొద్దని రాయి," అన్నాడు.

"రాస్తాలే, పో," అన్నాను.

అతను వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. ఇక్కడిదాకా చెప్పడం సులువు.

అప్పట్లో నేనూ పాటలు రాసేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి, ఛందస్సు తెలిసినవాణ్ణి, అయ్యవార్ల ఇంట పుట్టినవాణ్ణి. ఆ వారమే నా పాటల కట్ట ఒక నాటకం కంపెనీ నుంచి తిరిగి వచ్చింది. నేను బిగించిన దారం ముడి బిగించినట్టే ఉంది. విప్పి కూడా చూడలేదు. అంత చదువుకున్న నాకు రాని మాట, పేరు రాయడం కూడా రాని గొర్రెల కాపరికి ఎలా వచ్చింది? ఏటి ఇసుకలో కూర్చున్న మనిషి దుఃఖం మీద నాకు అసూయ పుట్టింది. ఇంతకన్నా నీచమైన అసూయ ఉంటుందా? పుస్తకం లేదు కాబట్టి నియమమే అంత అని చెప్పుకున్నాను. మద్రాసు కాగితం మీద 'కర్త తెలియదు' అని రాశాను. దస్తూరీ వంకర పోలేదు. ఓబన్న దరఖాస్తును చించేశాను.

రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత రికార్డు వచ్చింది. జమ్మలమడుగు బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో మొదటిసారి విన్నాను. గొంతు బాగుంది, ఫిడేలు బాగుంది. సుంకమ్మ లేదు. ఆ చోట 'చిలకమ్మా' అని ఉంది. అడగడానికి కర్త లేడు కదా, ఎవరికి ఇష్టమైంది వాళ్లు పెట్టుకున్నారు. కాఫీ వదిలేసి బస్సెక్కాను.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఆ శ్రావణంలో ఒక శనివారం నేను, నా భార్య గండికి వెళ్లాం. ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని ఏటి ఒడ్డుకు వస్తుంటే భజన వినిపించింది. నడుమ ఓబన్న పాడుతున్నాడు. ఒక యువకుడు నవ్వుతూ అడ్డం వచ్చాడు.

"మామా, పాట తప్పు పాడతాండావు. చిలకమ్మా అనల్ల."

"నా పాట నేను తప్పు పాడేదేందప్పా?"

"నీ పాటా? రికార్డులో ఉండే పాట నీదెట్లయితాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబన్న బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. నేను కనిపించాను. అతని ముఖం విప్పారడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

"అదో, పొద్దుటూరు సామి. ఆయప్పనే అడగండి. ఆయప్పకు అంతా తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. "ఏం సామీ, ఈ పాట ఈ మామదేనా?"

ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. అంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? బహుశా పోయేది కాదు. మరి రికార్డు మీద అతని పేరెందుకు లేదని అడుగుతారు. పక్కనే నా భార్య ఉంది, ఆమె ముందు నేను అబద్ధాలకోరును కావాలి. అంతే.

"నాకు తెలియదు," అన్నాను.

ఓబన్న తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"సామి మర్చిపోయినట్టుండాడు. శానా మందిని చూస్తాంటాడు గదా," అని వాళ్లకు సర్దిచెప్పాడు. చెక్కలు పక్కవాడి చేతికిచ్చి, గొంగడి భుజాన వేసుకుని జనంలోంచి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో నా భార్య, "ఎవరాయన?" అని అడిగింది. ఎవరో, అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆమెకు అర్థమైందా? బతికి ఉన్నన్నాళ్లూ ఆమెతో చెప్పలేకపోయాను. పిల్లలు లేని ఇంట్లో ఇద్దరమే ఉంటూ, ఇద్దరి మధ్యా ఈ సంగతిని పెట్టుకుని బతికాను.

ఆమె పోయి ఆరేళ్లయింది. కర్మ ముగిసి, చుట్టాలు వెళ్లిపోయిన సాయంత్రం, నాకు తెలియకుండానే ఆ పాట నోట్లోకి వచ్చింది. సుంకమ్మ ఉన్న చోట నా భార్య పేరు పెట్టి పాడబోయాను. ఆగిపోయాను. నాకు ఆ హక్కు లేదనిపించింది.

మర్నాడే పులివెందుల బస్సెక్కాను. ఓబన్న చనిపోయి అప్పటికి ఏడాది. అతని చెల్లెలు అరుగు మీద చాప వేసి మజ్జిగ ఇచ్చింది. పాటల సంగతి అడిగాను. "మా యన్న పాడేది మానేసి శానా ఏండ్లాయ సామీ. ఎందుకో ఎవురికీ చెప్పలా," అంది. నేనెవరని అడిగితే ప్రొద్దుటూరులో గుమాస్తానని మాత్రం అన్నాను. మజ్జిగ తాగి, లోటా కడిగి అక్కడ పెట్టి వచ్చేశాను. అంత దూరం వెళ్లి కూడా చెప్పలేదు. ఇది రెండో తప్పా, మొదటిదే ఇంకా సాగుతోందా?

మద్రాసుకు నిజం రాశాను. పాట రాసిన వ్యక్తి స్వయంగా దరఖాస్తు చేసుకుంటే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. అచ్చం నేను రాసే జవాబే.

మొన్న రేడియోలో ఆ పాట వేశారు. జానపదం అన్నారు. కాదు. అది పులివెందుల దగ్గర గొర్రెలు మేపిన చిన్న ఓబన్న తన భార్య సుంకమ్మ మీద కట్టుకున్న పాట. నాకు తెలుసు. గండిలో అడిగిన రోజూ తెలుసు. క్షమించమని అడగను. క్షమించగలిగిన మనిషి లేడు, ఆ పని మీది కాదు. ఇన్నేళ్లూ ఈ సంగతి తెలిసి బతికి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీరూ ఉన్నారు.