వయా తీసేసిన బోర్డు

గుంటూరులో బస్సెక్కే మనిషి ఆ బస్సు ఎక్కడికి పోతుందో అడగడు, ఎటు మీదుగా పోతుందో అడుగుతాడు. "వయా ఏందండీ?" అంటాడు. నల్లపాడుకి పోయే సిటీ బస్సులే తీసుకోండి. కొన్ని పత్తి మిల్లు మీదుగా పోతాయి, కొన్ని మిర్చి యార్డు మీదుగా. మామూలు రోజుల్లో రెండు దార్లకీ పది నిమిషాలు కూడా తేడా ఉండదు. మిరప కోతలు మొదలై, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని ట్రాక్టర్లూ లారీలూ యార్డు ముందు బారులు తీరాక మాత్రం ఆ దారిన పోయిన బస్సు ఎప్పుడు బయటపడుతుందో డ్రైవరుకే తెలియదు. అందుకని ఆ నెలల్లో యార్డులో పనున్నవాడు తప్ప ఆ బస్సు ఎవడూ ఎక్కడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిదల్లా మా బస్సుల బోర్డులు బాగుచేస్తామని దిగిన పెద్దమనుషులకే.

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఎరువుల కొట్లు, ఆసుపత్రులు, బడి గోడలు, బస్సుల నుదుళ్లు, అన్నీ రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక నా బ్రష్షులు గట్టిపడిపోయాయి. అలాంటి రోజుల్లో బస్సుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొత్త బోర్డులు చేత్తో రాయించాలట, అలా అయితేనే 'లోకల్ ఫీల్' ఉంటుందట. ఆ మాట అన్నది వాళ్లు పిలిపించుకున్న సలహాదారు. సన్నగడ్డం, తెల్లబూట్లు, మెడలో పేరు బిళ్ల. గుంటూరులో ఒక్క బస్సు ఎక్కిన పాపాన పోలేదు. కారులో వచ్చి, ఏసీ గదిలో కూర్చుని, తెరమీద ఏదో దేశం రైలు స్టేషన్ల బొమ్మలు వేసి, మనూళ్లో జనం దారి తెలియక అల్లాడిపోతున్నారని మాకు చెప్పాడు. తరతరాలుగా దారి తప్పకుండా తిరుగుతున్న జనం!

ఆయన పథకం ఇది. ఒక్కో ఊరికి ఒక్కో రంగు. నల్లపాడు బస్సులన్నీ ఎర్ర లైను, మంగళగిరివన్నీ నీలం లైను. బోర్డు మీద రంగు, చివరి ఊరు, అంతే.

"వయాలన్నీ తీసేద్దాం. బోర్డు క్లీన్‌గా ఉండాలి," అన్నాడు.

"వయా లేకపోతే మావాళ్లు ఎక్కరు సార్. నల్లపాడుకి రెండు దార్లున్నాయి," అన్నాను.

"మొదలూ ఒకటే, చివరా ఒకటే కదండీ. మధ్యలో ఎటు పోతే ఏం? జనాన్ని కన్‌ఫ్యూజ్ చెయ్యకూడదు."

పక్కనున్న ఆఫీసరు నవ్వి, "నువ్వు రాసేవాడివయ్యా. రాయి," అన్నాడు. ఆయనా బస్సెక్కి ఎన్నాళ్లయిందో. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

నేను సరేనన్నాను. వాళ్లను తిట్టినంత సులువుగా నన్ను నేను తిట్టుకోలేనుగానీ, నిజం చెప్పాలి కదా. నా మెడలోనూ ఒక బిళ్ల వేశారు. వాళ్ల వరసలో కుర్చీ వేశారు, పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ నిచ్చెన దింపి కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఆ కుర్చీకి పడిపోయాను. ఛీ!

రాశాను. చాలా బాగా రాశాను, అది ఇంకా సిగ్గుచేటు. ఎర్రటి ఎరుపు మీద తెల్లటి అక్షరాలు, అర ఫర్లాంగు నుంచి కనపడేలా. స్టాపుల్లో పెట్టే బోర్డుల మీద బాణాలు కూడా వేశాను. నేరుగా వెళ్లాలంటే బాణం పైకి చూపించాలని సలహాదారు పట్టుబట్టాడు. బోర్డులు పెట్టిన రోజు పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ఆ బాణం చూసి, ఆకాశం చూసి, "ఏరా, అప్పుడే పైకి పొమ్మంటున్నారేందిరా! ఇంకా పొగాకు అమ్ముకోలా!" అన్నాడు. స్టాపులో అందరూ విరగబడి నవ్వారు. సలహాదారు ఫోటోలు తీయించుకుంటూ, జనం ఎంత ఆనందంగా ఉన్నారో చూడండన్నాడు.

ఇక మా ఆవిడ సంగతి. అంగన్‌వాడీలో ఆయాగా చేసేది. పిల్లలకి గుడ్లు ఉడకబెట్టడం, ముక్కులు తుడవడం, గది ఊడ్వడం. పాటలు, లెక్కలు కూడా తనే చెప్పేది, టీచరు సెలవు పెట్టినప్పుడల్లా. ఆ టీచరు ఇంకో రెండేళ్లలో రిటైరవబోతోంది. పదో తరగతి పాసైన ఆయాలకి ఆ పోస్టు ముందుగా ఇస్తామన్నారు. మా ఆవిడ ఏడుతో మానేసింది. ఆ పోస్టుకి తన వయసు గడువూ అప్పటితో సరి. అందుకని ఓపెన్ స్కూల్లో కట్టి, రెండేళ్లు పొయ్యి దగ్గర కూర్చుని చదివింది. పప్పు మాడింది, అన్నం మెత్తబడింది, నేను కిక్కురుమనలేదు. నాలుగు పరీక్షలు బాగా రాసింది. ఆఖరిది లెక్కలు, తనకి బాగా వచ్చినదే. సెంటరు నల్లపాడులో. నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు.

నాలుగు పరీక్షలకీ మిల్లు బస్సులోనే వెళ్లింది, పాత బోర్డు చూసి. ఐదోదానికి రెండు రోజుల ముందు కొత్త బోర్డులు వచ్చాయి.

ఆ పొద్దున చెప్పులేసుకుంటూ అడిగింది, "ఏమయ్యా, ఇప్పుడు మిల్లు బస్సని ఎట్టా తెలుస్తుంది?"

"ఎర్రది ఎక్కవే. నేనే రాశాగా, ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాను. గర్వం! ఇంకాసేపు ఆలోచిస్తే నేనే వెంట వెళ్లేవాణ్ణి. ఆలోచించలేదు. మంగళగిరి స్టాపులో నీలం బోర్డులు రాయాల్సి ఉంది, సైకిలెక్కి వెళ్లిపోయాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరికీ దారి చూపించే నేను ఇంట్లో మనిషికి దారి తప్పించాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూర్చునుంది. కళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. హాల్ టికెట్టు చేతిలోనే ఉంది.

"ఎట్టా రాశావు?" అన్నాను.

"రాయలా."

చెప్పింది. ఎర్రది ఎక్కింది. చౌరస్తాలో అది యార్డు వైపు తిరిగింది. కండక్టర్ని అడిగితే, "ఎర్ర లైనే కదమ్మా, ఎటు పోయినా నల్లపాడే," అన్నాడట. యార్డు ముందు ట్రాక్టర్ల వెనకాల బస్సు ఆగింది. కాసేపు చూసి దిగేసింది. టిక్కీల మధ్య నుంచి, తుమ్ముతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తింది. ఆటోలు కూడా కదలని చోట ఇంకేం చేస్తుంది? గేటు మూసి నాలుగు నిమిషాలైందట. వాచ్‌మన్ గడియారం చూపించాడు. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగి, "నా ఉద్యోగం పోద్దమ్మా," అన్నాడట.

"ఏడిచావా?" అన్నాను. అంతకన్నా బుద్ధిలేని ప్రశ్న ఉండదు.

"మిరప ఘాటయ్యా," అంది.

నేను ఆ సాయంత్రమే ఆఫీసుకి వెళ్లి అరిచాను. ఆఫీసరు చాలా మర్యాదగా కాగితం ఒకటి చేతికిచ్చాడు. "సలహాలు, సూచనలు ఇందులో రాయండి, పైకి పంపిస్తాం," అన్నాడు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి ఆయన టేబుల్ మీదే పెట్టి వచ్చాను, మెడలో బిళ్లతో సహా. నేనేదో పెద్ద వీరుణ్ణని చెప్పడం లేదు. వీరుడైతే ఆ మొదటి రోజే కుర్చీలోంచి లేచేవాడు. సలహాదారు అప్పటికే ఇంకో ఊరికి దారి చూపించడానికి వెళ్లిపోయాడు. పాపం, ఆ ఊరు!

కొత్త బోర్డుల సంగతి జనమే తేల్చారు. వారం తిరక్కుండా డ్రైవర్లు అద్దం వెనక అట్టముక్కల మీద సుద్దతో 'మిల్లు' అనీ 'యార్డు' అనీ రాసి పెట్టుకున్నారు. వంకర అక్షరాలు, తప్పులు కూడా. అందరూ వాటినే చూసేవాళ్లు, నేను రాసిన ఎరుపు వైపు ఎవరూ తలెత్తలేదు.

ఆ లెక్కల పరీక్షని తర్వాత సప్లిమెంటరీలో రాసింది మా ఆవిడ. మంచి మార్కులతో పాసైంది. మెమో ట్రంకు పెట్టెలో ఉంది. పోస్టు మాత్రం అప్పటికే ఎక్కడి నుంచో వచ్చిన పాతికేళ్ల అమ్మాయికి ఇచ్చేశారు. మంచి పిల్లే, పాటలు రావు. పాటలు మా ఆవిడే చెప్తుంది, చెప్పాక పక్కకి జరిగి గుడ్లు వలుస్తుంది. ఆ అమ్మాయిని 'టీచరమ్మా' అని పిలుస్తుంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. మొన్న ఇద్దరం నల్లపాడులో పెళ్లికి బయల్దేరాం. ఆఫీసువాళ్లు చివరికి దిగొచ్చి బోర్డుల మీద వయాలు మళ్లీ రాయించారు. అవీ నా చేతే. నల్లపాడు, వయా పత్తి మిల్లు అని ఇంతింత అక్షరాలతో ఉంది బస్సు నుదుట.

"ఇదే, ఎక్కు," అన్నాను.

మా ఆవిడ కదల్లేదు. నన్ను దాటుకుని, పక్కన పాలక్యాను పట్టుకుని నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరికెళ్లి, "ఏమండీ, ఇది ఎటు మీదుగా పోద్దండీ?" అని అడిగింది. ఆయన చెప్పాక ఎక్కింది.