మా సీటు ఆఖరి ఎలక్షన్ మర్నాడు

మా అసెంబ్లీ సీటు గురించి మా చిన్నాయన చెప్పే చరిత్ర రెండు ముక్కల్లో అయిపోతుంది. రెండు ఇళ్లవాళ్లు మార్చి మార్చి గెలిచారు, ఆఖరికి సీటే పోయింది. మల్కాజ్‌గిరిలో ఏ పెండ్లిలో చుట్టాలు కలిసినా ఇదే పాట. మూడో ముక్క నవ్వించడానికి ఉంచుకుంటాడు: "మా అక్క సుత నిలవడ్డది. డిపాజిట్ గల్లంతు." అందరూ నవ్వుతారు. నేను నవ్వను. గెలిచినవాళ్ల పేర్లు వరసగా అప్పజెప్పి అదే చరిత్ర అనడం ఒట్టి బద్ధకం. ఆ ఆఖరి ఎన్నికలో ఆయన అక్కతో, అంటే మా మేనత్తతో, ఊళ్లు తిరిగింది నేను. ఆయన గడప దాటలేదు.

మేనత్తకు ఊళ్లో పిండిగిర్ని ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు జొన్నలు, మిరపకాయలు పట్టించుకోవడానికి వచ్చి, వంతు వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవారు. పది కాగానే ఆడపిల్లల చదువు మాన్పిస్తున్నారని, కాలేజీకి బస్సే లేదని వాళ్లు రోజూ మొత్తుకునేవారు. ఏ పార్టీవాళ్లూ చెవిన పెట్టకపోయేసరికి తానే ఇండిపెండెంటుగా నామినేషన్ వేసింది. కుట్టుమిషన్ గుర్తు వచ్చింది. మూడో స్థానంలో నిలిచింది.

ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే జీపు తెప్పించింది. ఓటర్లకు దండం పెట్టి వస్తానంది. చిన్నాయన గుమ్మంలో అడ్డం నిలబడి, ఓడినోళ్లు ఇంట్ల కూసుంటరక్కా, జెర ఇజ్జత్ కాపాడమన్నాడు.

"గెలిచినాయన ఎట్లాగూ రాడు. నేను సుత పోకుంటే ఓటేసినోళ్ల మొఖం ఎవరు చూడాలె?" అని ఆమె జీపెక్కింది. ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చినదాన్ని, నేనూ ఎక్కాను.

ఏ ఇంటికి పోయినా ఒకటే మాట, మేం నీకే ఏసినం అని. మూడో ఊరు దాటేసరికి నాకు ఒళ్లు మండింది. వీళ్లంతా వేసి ఉంటే మనమే గెలవాలి కదా అన్నాను. అబద్ధమాడేటంత మొహమాటం ఉందంటే అదీ మర్యాదే, ఊకో అంది మేనత్త.

ఆ తర్వాతి ఊళ్లో బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న ఒకామె మాత్రం మా మొహం చూడకుండా చెప్పింది.

"నేను నీకు ఎయ్యలే అక్కా. మా ఇంటాయన బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి, ఆయన చెప్పినోళ్లకే ఏస్తనని ఒట్టు ఏయించుకున్నడు. బిడ్డను కాలేజీకి తోలాలనే నాకుండె. ఒట్టు ఎట్ల తప్పుదు?"

నేను నోరు తెరిచేలోపే మేనత్త నా చెయ్యి నొక్కింది. ఆ రోజు మొత్తంలో ఆమె మొహం వెలిగింది అప్పుడే.

"ఒట్టు ఏయించుకున్నడంటే నువ్వు నాకే ఏస్తవని ఆయనకు ఎరుకే. నాకు గంతే చాలు."

మేనత్త వంగి, బిందె ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది. వచ్చేపారి ఒట్టుకు దొరకనక్కా, నీకే ఏస్తా అని ఆమె మాటిచ్చింది.

తర్వాత మేనత్త డిపో చుట్టూ తిరిగి, అధికారులతో కొట్లాడి, పొద్దటి పూట కాలేజీ బస్సు సాధించింది. ఎమ్మెల్యే కాకుండానే. చిన్నాయన చరిత్రలో ఆ బస్సు ఎక్కడా ఆగదు. ఈసారి గిర్నామె గట్టిగనే ఉన్నదని ఆ రెండు ఇళ్లవాళ్లే అనుకోవడం షురూ చేశారు.

అప్పుడు నియోజకవర్గాల హద్దులు మార్చారు. మా సీటు రద్దయింది, ఊళ్లు పక్క సీట్లకు పంపకమైపోయాయి. తిరుమలగిరిలో మా ఇంట్లో కూర్చుని మేనత్త పేపర్లో వేసిన పటాన్ని చాలాసేపు చూసింది. గిర్ని ఒక సీటులో, బోరింగు ఊరు ఇంకో సీటులో పడ్డాయి.

"నన్ను ఓడగొట్టే తక్లీఫ్ లేకుండ సీటునే తీసేసిన్రు గదనే" అని నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ నిలబడలేదు. ఇప్పుడు అల్వాల్‌లో ఉంటోంది. ఆ ఊళ్ల నుంచి డిగ్రీకి వచ్చిన ఆడపిల్లలు హాస్టల్ దొరికేదాకా ఆమె ఇంట్లోనే దిగుతారు. ఎవరు ఏ సీటు కిందికి వస్తారో ఆమె అడగదు.

చిన్నాయనతో వాదన నేను ఎప్పుడో గెలిచాను, ఆయన ఒప్పుకోడు, అంతే. నన్ను తొలిచేది వేరే. సీటు పోయాక వచ్చిన మొదటి ఎన్నికలో బోరింగు దగ్గరి ఆమె, మొగుడి ఒట్టుకు దొరక్కుండా, ఓటు మిషన్ ముందుకు పోయే ఉంటుంది. అందులో మా మేనత్త పేరు లేదు. అన్నేళ్లు ఆమె కోసమే దాచిన ఓటును ఎవరికి వేసింది?