లైను పక్కన ముసలాయన

మా మావయ్యగారు గూడ్సు రైళ్లు నడిపి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చాక మంచం దిగలేదు, మమ్మల్ని పోల్చుకోవడమూ మానేశారు. తాడేపల్లిగూడెం స్టేషను మాకు దగ్గరే అయినా రైలు కూతకి తలైనా తిప్పరు.

ఇవాళ మా ఆయన బొమ్మ రైలింజనుకి రబ్బరుబ్యాండ్లతో చిన్న వైర్‌లెస్ కెమెరా కట్టారు. గది నేలంతా పట్టాలు పరిచి, ఇంజను ముందు కనపడేదంతా టీవీలో వచ్చేలా చేశారు. నేను మిక్సీ వేస్తే టీవీ నిండా చుక్కలే. అందుకని చట్నీ మానేశాను.

రైలు కదిలింది. అట్టముక్కతో చేసిన సిగ్నలు టీవీలో కనపడగానే మావయ్యగారు "గ్రీన్" అన్నారు. డ్రైవరు సిగ్నలు పైకి చెబితే, అసిస్టెంటు కూడా చూసి అదే మాట అనాలట. మా ఆయన వెంటనే "గ్రీన్ అండీ" అన్నారు.

రైలు మలుపు తిరిగి మంచం వైపు వచ్చింది. టీవీలో మావయ్యగారే కనపడ్డారు.

"లైను పక్కన ఎవరో ముసలాయన పడుకున్నారు. హారన్ కొట్టండి," అన్నారు మావయ్యగారు.

మా ఆయన టీవీ వదిలేసి మంచం వైపు చూశారు.

"చూసింది పైకి చెప్పాలి కదండీ. కనపడలేదా మీకు?"

"కనపడ్డారండీ," అన్నారు మా ఆయన.

"పాపం, ఆయనకి ఎవరూ లేరేమో."

రేపు పట్టాలు మంచం వైపు రాకుండా వేద్దామన్నాను. మా ఆయన వద్దన్నారు. మీరు అని పిలిస్తే పిలిచారు, ఇన్నాళ్లకి నాన్న నాతో మాట్లాడింది అక్కడేగా అన్నారు.

మీరైతే పట్టాలు ఎటు వేస్తారండీ?