దివాన్‌ఖానా కిటికీలు

మా తాతగారు భూములు పోగొట్టారు. నాన్నగారు సామాను పోగొట్టారు. నాకేం మిగిలిందని జాలిపడకండి, పరువు మిగిలింది. దాన్ని జహీరాబాద్‌లో పట్టపగలు, పదిమంది ఎదుట, నేనే ఎట్లా పోగొట్టానో చెబుతాను.

మా దివాన్‌ఖానాకు వీధివైపు నాలుగు కిటికీలు. కుర్చీలు, బల్లలు అమ్ముడుపోయిన రోజున నాన్నగారు ఆ కిటికీలకు గడియలు బిగించారు. లోపల ఏమీ లేదని వీధికి తెలియకూడదు. ఆ ఆచారాన్ని నేను నిత్యపూజలా కాపాడుకొచ్చాను. ఒక వానాకాలం గోడ చెమ్మగిల్లి, నల్లబూజు తాతగారి పటం దాకా పాకింది. ఆయన మీసాలెక్కడ ఆగాయో, బూజెక్కడ మొదలైందో తెలిసేది కాదు.

ఆ గోడ పక్కనే మా కూతురు స్వప్న మంచం. రెండో తరగతి పిల్లే కావచ్చు, వంశానికి వారసురాలు వంటింటి పక్క గదిలో పడుకుంటుందా?

మొదట దగ్గు. తర్వాత పిల్లికూతలు. తొక్కుడుబిళ్ల మానేసి, గడప మీద కూర్చుని మిగతా పిల్లల ఆట చూసేది. దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"ఇంట్ల చెమ్మ గోడలేమన్న ఉన్నయా? బూజు గీజు?"

మా ఆవిడ సుశీల నోరు తెరిచేలోపే నేను వెన్ను నిటారుగా పెట్టాను. "మాది డంగుసున్నం మేడ. చెమ్మకు లోపలికొచ్చే ధైర్యం లేదు."

"మరి దుమ్ము?"

"ఎదురుగా పిండి గిర్ని ఉంది."

పాపం, నమ్మింది. దుమ్ము తగలనీయొద్దంది. నేను ఇంటికొచ్చి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. బూజుకు పండగే పండగ.

"జర ఆ కిటికీలు తెరువున్రి. పోరికి ఊపిరాడుత లేదు" అంది సుశీల.

"తెరిస్తే ఊరు చూడదా?"

"ఊరు చూస్తే చస్తమా? మూస్తేనే చచ్చేటట్టున్నం!"

ఆ కోపాన్ని గిర్ని మీదికి తోలుకెళ్లాను. గిర్ని యజమాని కరీం భాయ్ కనుబొమల మీది పిండి తుడుచుకుని, "రాన్రి పటేలా, కూసోన్రి" అంటూ కుర్చీ జరిపాడు. సింహాసనమెక్కినట్టు కూర్చున్నాను.

"నీ పిండి వల్ల మా పిల్లకు ఆయాసం వచ్చింది."

"నా పిల్లలు అయిదుగురు గీ పిండిలనే పెరిగిన్రు పటేలా. ఒక్కనికన్న దగ్గు లేదు."

"నమ్మవా? నడు, చూపిస్తా!"

చూపించకూడదనే కదా ఇన్నాళ్లూ కిటికీలు మూసింది! ఆ సంగతి గుర్తొచ్చేసరికి కరీం భాయ్ మా గడప దాటాడు. పిండి డబ్బాలతో వచ్చినవాళ్లంతా వెంట వచ్చి మా కిటికీల కింద గుమిగూడారు.

కరీం భాయ్ వరసగా మూడు తుమ్ములు తుమ్మి, గోడ వైపు చూశాడు. "పటేలా, గిది గోడనా, గొంగడా?"

మంచం మీద స్వప్న ఎగశ్వాస తీస్తోంది. అంతే, నన్ను అడగకుండానే టకటకా నాలుగు గడియలూ లాగేశాడు. గాలి వచ్చింది, వెలుతురు వచ్చింది, కిటికీకి అయిదు చొప్పున తలలు వచ్చాయి. గదిలో ఒక మంచం, ఒక పటం, నేను.

"సామానంతా పాలిష్‌కు పోయింది" అన్నాను, వెన్ను వంచకుండా.

కరీం భాయ్ గొంతు తగ్గించాడు. "మాలూమే పటేలా. ఇందాక మీరు గిర్నిల కూసున్న కుర్సీ గదే. మీ నాయిన అమ్మితే మా అబ్బ కొన్నడు. అప్పటిసంది ఊరంత దాని మీదనే కూసుంటున్నం."

మొదట నవ్వింది గుమ్మంలో నిలబడ్డ సుశీల. తర్వాత స్వప్న. నవ్వు మధ్యలో దగ్గొచ్చినా ఆపలేదు.

మర్నాడే డాక్టరమ్మకు నిజం ఒప్పుకున్నాను. స్వప్న మంచం వంటింటి పక్క గదిలోకి మారింది. చెమ్మ మూలం వెతికి, గోడ గీకించి, సున్నం వేయించాం. మందులు వాడగా, చలికాలం దాటేసరికి స్వప్న తొక్కుడుబిళ్లలో మళ్లీ తొండి చేయసాగింది.

ఇప్పుడు గిర్ని లేదు, కరీం భాయ్ లేడు. గిర్ని ఎత్తేసిన రోజున ఆయన కొడుకు ఆ కుర్చీని మోసుకొచ్చి ఇచ్చిపోయాడు. ఎంత తుడిచినా దాని సందుల్లోంచి ఇంకా జొన్నపిండి రాలుతుంది. సగం తుడిచి మానేస్తాను.

దాని మీద నిటారుగా కూర్చుని, బూజు వదిలిన తాతగారి మీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో డాక్టరు ముందు వంశగౌరవం మాట ఎత్తను, ఈ కిటికీలు మూయను. జల్లు కొట్టినప్పుడు మాత్రం మూస్తాను, అదీ సుశీల చెబితేనే.